మూడో కూత

చిక్కబళ్ళాపురం పూల మార్కెట్టులో నాకొక అంగడి ఉంది. పూలు కట్టే దారం, అరటి నార, గంపల మీద కప్పే గోనె పట్టలు, ఇంతే నా వ్యాపారం. పేరు పిళ్ళప్ప. నా గురించి ఇంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు. చెప్పుకోవలసినదంతా నా అంగడికి ఎదురుగా రాతి కట్ట మీద కూచునే రామలక్ష్మమ్మ గురించే.

ఆమె మా మార్కెట్టులో హరాజు కూసే మనిషి. వేలాన్ని మా వైపు హరాజు అంటాం. తెల్లారేసరికి చుట్టుపక్కల ఊళ్ళ రైతులు చామంతి, రోజా, కనకాంబరాలు తెచ్చి కుప్పలు పోస్తారు. చింతామణి నుంచీ బాగేపల్లి నుంచీ వచ్చిన వ్యాపారులు చుట్టూ నిలబడి పాడతారు. ఎవరి పాట పైన ఉందో కట్ట మీది మనిషి అందరికీ వినబడేటట్టు చెప్పాలి. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. మూడోసారి అన్న మాట పడిందా, సరుకు వాడిది. ఆ తర్వాత దేవుడు దిగివచ్చి ఎక్కువిస్తానన్నా కుదరదు. పడలేదా, అమ్మినట్టే కాదు. మా మార్కెట్టుకు ఇంతకు మించిన చట్టం లేదు.

రామలక్ష్మమ్మది మండికల్. పెళ్ళయిన కొత్తలో మొగుడు మునియప్పతో కలిసి చామంతి గంప మోసుకొని వచ్చేది. ఒకరోజు అప్పటి కూత మనిషి ఏదో పెళ్ళికి పోయి రాలేదు. కుప్పలు ఎండకు వాడిపోతున్నాయి. మగవాళ్ళందరూ నువ్వెక్కంటే నువ్వెక్కని ఒకరినొకరు తోసుకుంటున్నారు. ఈమె గంప దించి, కట్టెక్కి, కొంగు నడుముకు బిగించి ఒక కూత కూసింది. నా చేతిలోని దారపు ఉండ జారి కింద పడింది. బస్టాండులో బాగేపల్లి బస్సెక్కి కూచున్నవాళ్ళు ఇద్దరు ఏమైందోనని దిగి వచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది నేనే అనుకోండి, కానీ అందులో అబద్ధం కొంచెమే.

ఆ రోజునుంచీ కట్ట ఆమెది. మునియప్ప మార్కెట్టుకు రావడం మానేసి పొలం చూసుకున్నాడు. భార్య కూసే చోట తనకేం పనని అతని లెక్క. కానీ కూత మాత్రం అతన్ని వదల్లేదు, ఇంటికే వచ్చింది. "అన్నం పెట్టినాను, ఒకటోసారి" అని రామలక్ష్మమ్మ వాకిట్లో నిలబడి పిలిచేది. "రెండోసారి." మూడోది అనే అవకాశం మునియప్ప ఆమెకు ఎన్నడూ ఇవ్వలేదు. చెట్టెక్కి ఉన్నా, పేకాటలో మంచి ముక్క చేతిలో ఉన్నా, రెండోదానికే లేచి పరుగెత్తేవాడు.

"మూడోది అనేస్తే ఏమైతాదప్పా?" అని ఒకసారి అడిగాను.

"ఏమో పిళ్ళప్పా. అన్నం వేరేవాళ్ళకు పోతాదేమో. అంత దూరం యెందుకు తెచ్చుకొనేది?" అన్నాడు.

ఆమెకు ఏ పనైనా మూడుసార్లు చేస్తేనే చేసినట్టు. తలుపు మూడుసార్లు తట్టేది. బీగం వేసి మూడుసార్లు లాగి చూసేది. నా దగ్గర దారపు ఉండ తీసుకుంటే మూడుసార్లు నొక్కి చూసి అక్కడే పెట్టేసి వెళ్ళిపోయేది. కొన్నది ఎన్నడూ లేదు. ఈ మూడు సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు ముందు మా మార్కెట్టు కొంప ముంచబోయేది ఇదే.

అలాంటి మనిషి గొంతులో 2008లో చిన్న కాయ లేచింది. బెంగుళూరులో డాక్టరు కోసి తీసేశాడు. మెల్లగా మాట్లాడుకోవచ్చు, గట్టిగా అరిస్తే మాత్రం గొంతు మొత్తానికే పోతుందని చెప్పి పంపాడు. రామలక్ష్మమ్మ గుసగుసలాడటం మొదట విన్నప్పుడు నాకు నవ్వాగలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఇప్పుడు నీ నోరు బలే మంచిదైందమ్మా అని ఎగతాళి చేశాను. ఆమె నవ్వలేదు.

"గొంతు పోతే పోనీ పిళ్ళప్పా. ఆ కట్ట పోతే నేను యెవురు?" అంది.

ఆ మాటకు నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. నాకు నిజంగా బాధేసింది. ఇన్నేళ్ళు ఎదురెదురుగా కూచున్న మనిషి కదా.

మార్కెట్టు ప్రెసిడెంటు నరసింహప్ప చెడ్డవాడు కాదు. కానీ పూలు ఎవరి గొంతు కోసమూ ఆగవు. "వరమహాలక్ష్మి పండగ దాకా చూస్తానమ్మా" అన్నాడు. "పండగ ముందర దినం సరుకు కొండ మాదిరి వస్తాది. ఆ పొద్దు కట్ట మీద గొంతుండే మనిషి ఉండల్ల. చింతామణి నుంచి సునీల్‌కుమార్ వస్తానంటాండాడు." సునీల్‌కుమార్ అక్కడి టమాటా మండీలో కూసే పడుచువాడు. నవనవలాడే గొంతని పేరు.

అప్పుడు రంగంలోకి దిగింది వినుత. రామలక్ష్మమ్మ అన్న కూతురు, బాగేపల్లిలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. నోట్లో ఎప్పుడూ వేయించిన బఠాణీలు నములుతూ ఉంటుంది. ఆపరేషన్‌కు ముందే ఈ పిల్ల అత్తను ఒక గదిలో కూచోబెట్టి ఆమె గొంతంతా రికార్డు చేసి పెట్టుకుంది. పూల పేర్లు, అంకెలు, మూడు కూతలు, ఒక్కొక్కటీ విడివిడిగా. ఇప్పుడు వచ్చి ఆఫీసు గదిలో ఉన్న కంప్యూటరుకు మార్కెట్టు లౌడ్‌స్పీకర్లు తగిలించింది. కట్ట మీద ఇంకో పాత కంప్యూటరు పెట్టింది. రెండింటికీ మధ్య నీలం వైరు ఒకటి, నన్ను ఒక మాటైనా అడక్కుండా నా అంగడి కప్పు మీదుగా లాగింది. కట్ట మీది తెరలో ఒక వెబ్ పేజీ కనబడుతుంది. పువ్వు పేరు, రేటు, కింద ఎర్రటి బటను. పేజీ వెనక ప్రోగ్రామును పైథాన్‌లో తనే రాసిందట.

"అయితే ఈ పేజీ కూస్తాదా?" అని అడిగాను.

"పేజీకి నోరు యాడుండాది మామా? నువ్వు అంగట్లో కూసోని 'యశోదమ్మా, ఒక టీ' అని అరుస్తావు కదా. టీ నువ్వు కాయవు, ఆయమ్మ కాస్తాది. ఇదీ అట్లే. అత్త బటను నొక్కితే ఆ మాట ఆఫీసు కంప్యూటర్లో ఉండే నా ప్రోగ్రాముకు పోతాది. నా ప్రోగ్రాముకూ కూసేది రాదు. అది షెల్లుకు కమాండ్ ఇస్తాది, ఈ ఫైళ్ళు ఈ వరసలో వాయించు అని. వాయించేది ఇంకోటి."

"షెల్లంటే యెవురు?"

"మనం చెప్పింది చెప్పినట్టు చేసేది. యెందుకని అడగదు. నిజంగానే చెప్పినావా, తమాషాకు చెప్పినావా అని కూడా అడగదు."

"అంటే మునియప్ప" అన్నాను. వినుతకు బఠాణీ అడ్డం పడి, వీపు మీద చరచవలసి వచ్చింది.

మొదటిరోజు, అంటే పండగకు రెండు రోజుల ముందు, బటను వినుతే నొక్కింది, అత్త పక్కన కూచొని రేటు చెప్పింది. లౌడ్‌స్పీకర్లలోంచి రామలక్ష్మమ్మ పాత గొంతు వచ్చేసరికి నా చేతిలోని దారపు ఉండ మళ్ళీ జారి కింద పడింది. చామంతి, రేటు, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి, అన్నీ వరసగా వచ్చాయి. కానీ కూత మొత్తం ముగిసేదాకా పేజీ బిగుసుకుపోయింది. తెర మీద ఒక చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. మధ్యలో ఒక వ్యాపారి రేటు పెంచితే కొత్త రేటు కొట్టడానికి వీల్లేకపోయింది.

"నా తప్పే మామా" అంది వినుత. "టీ చెప్పి, టీ వచ్చేదాకా నోరు తెరుచుకొని అట్లే కూసుంటే గిరాకీని యెవురు చూసుకొనేది? నా ప్రోగ్రాము ఆ పని చేస్తాండాది. కమాండ్ ఇచ్చి, అది ముగిసేదాకా కాచుకుంటాండాది. చెప్పి వదిలేసే మాదిరి మార్చేస్తాను."

మార్చింది. మార్చి, ఒకసారి నొక్కి చూసి, బాగుందనుకొని సంతోషంగా బఠాణీలు నోట్లో పోసుకుంది. తిరకాసంతా అక్కడే ఉంది. బాగేపల్లి పిల్లలు బటను ఒకసారే నొక్కుతారు.

పండగ ముందురోజు తెల్లారింది. మార్కెట్టులో కాలు పెట్టడానికి జాగా లేదు. నంది వైపునుంచి, సోమేనహళ్ళి వైపునుంచి టెంపోల మీద టెంపోలు దిగుతున్నాయి. సరుకెక్కువని మునియప్ప కూడా ఇన్నాళ్ళకు గేటు దాకా వచ్చి, టెంపో పక్కన గంపలు దించుకుంటున్నాడు. సునీల్‌కుమార్ తెల్ల చొక్కా వేసుకొని, ఫ్లాస్కు నిండా మిరియాల కషాయం తెచ్చుకొని, కట్ట కింద కుర్చీలో కూచున్నాడు. బుగ్గన కలకండ. మధ్యమధ్యలో ఊఁ, ఊఁ అని గొంతు సవరిస్తున్నాడు. ఆ సవరింపే నా అంగట్లో ఉన్న గోనె పట్టలు అదిరేటట్టుంది.

"మొదటి కుప్ప చూస్తాను. కుదిరితే సరి, లేకుంటే సునీల్‌కుమార్ ఎక్కుతాడు" అన్నాడు నరసింహప్ప.

రామలక్ష్మమ్మ కొత్త చీర కట్టుకొని వచ్చింది. వినుత ఆఫీసు గదిలో యంత్రం దగ్గర ఉంది. చామంతి కుప్ప మీద పాట మొదలైంది. చింతామణి వ్యాపారి ఒక రేటు చెప్పాడు. ఆమె ఆ రేటు కొట్టి, తెరకు ఒక దండం పెట్టి, ఎర్ర బటను నొక్కింది. ఎన్నిసార్లు నొక్కిందో మీకు చెప్పాలా?

చెప్పి వదిలేసే పద్ధతి కదా. వదిలేసింది. ఒక రామలక్ష్మమ్మ "చామంతి" అని మొదలుపెట్టేలోగా ఇంకో రామలక్ష్మమ్మ అందుకుంది, ఆ వెనకే ఇంకొకామె. ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి కూస్తున్నారు. మనిషికి మూడుసార్లు టీ అని అరిస్తే ఒకే టీ అని తెలుసు. షెల్లుకు ఆ లౌకికం లేదు, మూడు టీలూ తెచ్చి పెట్టింది. అసలామె కంగారుపడి, ఆగండే అన్నట్టుగా బటను మళ్ళీ నొక్కింది. మళ్ళీ మూడుసార్లే. ఇక కట్ట మీద ఒకామె, గాలిలో ఎంతమందో లెక్క తెలియలేదు.

ఒక స్పీకరులో మూడోసారి పడుతుంటే ఇంకో స్పీకరులో ఒకటోసారి మొదలవుతోంది. "మూడోసారి పడింది, సరుకు నాది" అని చింతామణి వ్యాపారి కుప్పలో చేతులు పెట్టాడు. "ఇంకా ఒకటోసారే అంటాండాది కదప్పా, నేను పెంచుతాండాను" అని బాగేపల్లి వ్యాపారి అదే కుప్పకు రెండో వైపు చేతులు పెట్టాడు. మా చట్టం ప్రకారం ఇద్దరిదీ న్యాయమే. ఇద్దరూ గుప్పిళ్ళతో చామంతులు లాక్కుంటుంటే పూలు రేకులై అందరి నెత్తిన పడుతున్నాయి. సందట్లో సడేమియా అని ఎవడో నా దారపు మూట ఎత్తుకొని, ఇదేమప్పా అని నేనడిగితే, "మూడోసారి పడింది కదా" అన్నాడు. వాడి వెంట నేనూ, నా వెంట టీ గ్లాసులతో యశోదమ్మా పరుగు.

సునీల్‌కుమార్ తన వేళ వచ్చిందని లేచి కట్టెక్కాడు. రొమ్ము విరిచి, గుండెల నిండా గాలి పీల్చాడు. ఆ గాలితోపాటు కలకండ కూడా లోపలికి పోయింది. పాపం, దగ్గు మొదలైంది. అంతమంది రామలక్ష్మమ్మల మధ్య ఆ దగ్గు కూడా ఎవరికీ వినబడలేదు.

ఇంతలో గేటు వైపునుంచి మనుషులను తోసుకుంటూ మునియప్ప వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇన్నేళ్ళుగా ఆమె నోటినుంచి తన చెవిన పడకుండా కాపాడుకొన్న మాట ఒకటికి పది స్పీకర్లలోంచి పడుతోంది. కట్ట దగ్గరికొచ్చి రొప్పుతూ నిలబడ్డాడు.

"వస్తినిమే, వస్తిని. నేనేం తప్పు చేసినానని అన్నిసార్లు అంటివి?" అన్నాడు.

రామలక్ష్మమ్మ అతని ముఖం చూసింది. నవ్వింది. గొంతు బయటికి రాకూడదు కాబట్టి కొంగు నోట్లో కుక్కుకొని భుజాలు ఎగిరిపడేటట్టు నవ్వింది. కళ్ళల్లో నీళ్ళు కారిపోయాయి. ఆమెను చూసి నేను, నన్ను చూసి యశోదమ్మ, మమ్మల్ని చూసి చామంతులు లాక్కుంటున్న ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. అంత సంతోషంగా మా మార్కెట్టు ఎప్పుడూ మునగలేదు.

లోపల వినుత తన పేజీలో ఆపే బటను పెట్టలేదని అప్పుడు గుర్తుకొచ్చి, నల్ల తెర తెరిచి, వాయిస్తున్నవన్నీ చచ్చిపోవాలని షెల్లుకు కమాండ్ కొట్టింది. అది ఎందుకని అడగలేదు. మార్కెట్టు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. పూల మీది తేనెటీగలు వినబడ్డాయి. నవ్వులూ ఆగాయి, ఎందుకంటే నరసింహప్ప తలలోని రేకులు దులుపుకొంటూ కట్ట వైపు వస్తున్నాడు.

"చాలమ్మా" అన్నాడు. "నీ గొంతంటే నాకు గౌరవమే. కానీ ఇంత గొంతు మాకొద్దు. సునీల్‌కుమారా, మొదలుపెట్టప్పా."

రామలక్ష్మమ్మ ముఖంలో ఆ నవ్వు వాడిపోవడం నేను చూశాను. చూడలేక నా దారాల వైపు తిరిగాను. సునీల్‌కుమార్ మొదలుపెట్టలేదు. ఇంకా దగ్గుతున్నాడు. యశోదమ్మ నీళ్ళు తాగించింది, మళ్ళీ దగ్గాడు. ఆ కలకండకు మేమంతా రుణపడి ఉన్నాం.

ఆ సందులో వినుత పరుగెత్తుకొచ్చింది. "మూడు తూర్లు యెందుకు నొక్కితివత్తా? ఒక తూరి నొక్కితే మూడూ అదే అంటాది కదా."

రామలక్ష్మమ్మ గుసగుసగా చెప్పింది. దగ్గర ఉన్నాను కాబట్టి నాకూ వినబడింది. "అదే యెట్లంటాది పిల్లా? రెండోసారికీ మూడోసారికీ నడిమి నేను అందరి మొగాలూ చూస్తాను. యెవురు పెదిమ కొరుక్కుంటాండారు, యెవురి కాలు ముందుకొస్తాండాది, అంతా ఆడ తెలుస్తాది. ఇంకా పాడేవోడుంటే నిలుస్తాను. రైతుకు ఆ నిలిచిన దానిలోనే అన్నం. ఆ జాగా నాది. దాన్ని నీ పెట్టెకు యెందుకిస్తివి?"

వినుత నమలడం ఆపేసింది. "విడివిడిగా రికార్డు చేసి, కమాండ్‌లో అన్నీ కలిపి కట్టింది నేనే కదత్తా. విప్పేస్తాను, ఉండు" అంది.

కట్ట మీదే చెప్పులు విప్పి కూచొని, ఆ తెరలోంచే ఆఫీసు కంప్యూటరులోకి దూరి, మూడు బటన్లు చేసింది. ఒక నొక్కుకు ఒక కమాండ్, ఒక కమాండ్‌కు ఒక కూత. కొత్త కూత లేచే ముందు పాత కూత ఎక్కడున్నా నోరు మూసుకోవాలని ఇంకో మాట కూడా చేర్చింది.

"అంటే మళ్ళీ టీ అని అరిస్తే, ముందు చెప్పిన టీని పారబోసి కొత్తది తెస్తాదా?" అని అడిగాను.

"అంతే మామా."

"ఇది మాత్రం యశోదమ్మకు చెప్పొద్దు" అన్నాను.

సునీల్‌కుమార్ దగ్గు తగ్గి కళ్ళు తుడుచుకొనేసరికి రామలక్ష్మమ్మ నరసింహప్ప ముందు ఒక వేలు చూపించింది, ఒక్క కుప్ప అని. ఆయన కుప్పలను చూశాడు, ఎండను చూశాడు, ఆమె వేలిని చూశాడు. "కానీయమ్మా" అన్నాడు.

కనకాంబరాల కుప్ప. బాగేపల్లి వ్యాపారి పాడాడు. ఆమె మొదటి బటను నొక్కింది. మూడుసార్లే నొక్కింది లెండి, అలవాటు ఎక్కడికి పోతుంది. కానీ ఈసారి మొదటి రెండింటి నోరు మూసుకుపోయి ఒకే గొంతు పలికింది: "ఒకటోసారి." తర్వాత "రెండోసారి." ఆ తర్వాత ఆమె వేలు మూడో బటను మీద, దానికి తగిలీ తగలకుండా నిలిచింది. ఆమె కళ్ళు మెల్లగా అందరి ముఖాల మీదా తిరిగాయి. అరిచే మనిషి అయితే ఎప్పుడు నోరు తెరుస్తుందో ఊహించవచ్చు. వేలిని ఊహించడం ఎవరి వల్లా కాలేదు. మార్కెట్టంతా ఆ వేలినే చూసింది. చింతామణి వ్యాపారికి చెమట పట్టింది, తట్టుకోలేక పెంచాడు. మళ్ళీ ఒకటోసారి, మళ్ళీ రెండోసారి, మళ్ళీ ఆ వేలు. ఇంకొకడు పెంచాడు. కుప్ప తెచ్చిన రైతు సంతోషం పట్టలేక నా భుజాన్ని గిల్లుతున్నాడు, అది నా భుజమని కూడా తెలియకుండా.

ఒక్క కుప్ప అన్నది రెండయింది, రెండు పదయ్యాయి. ఇక ఆపమని ఎవరూ అనలేదు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి కట్ట ముందు రేకులు తప్ప ఏమీ మిగల్లేదు.

నరసింహప్ప కట్టెక్కాడు. అందరం చుట్టూ చేరాం. రామలక్ష్మమ్మ చేతులు ఒడిలో పెట్టుకొని తల వంచుకొని కూచుంది. కింద సునీల్‌కుమార్ ఫ్లాస్కు పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"ఈ కట్ట రామలక్ష్మమ్మది" అన్నాడు నరసింహప్ప. మా మార్కెట్టులో ఉత్తినే అంటే చాలదని ఆయనకూ తెలుసు. "ఒకటోసారి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు.

"రెండోసారి." ఆయన సునీల్‌కుమార్ వైపు చూశాడు. సునీల్‌కుమార్ నోరు తెరిచాడు, రామలక్ష్మమ్మను చూశాడు, ఫ్లాస్కు మూత బిగించుకున్నాడు.

మూడో మాట కోసం నరసింహప్ప నోరు తెరిచాడు. రామలక్ష్మమ్మ చెయ్యెత్తి ఆయన్ని ఆపింది. వేలు తెర దగ్గరికి తెచ్చి నిలిపింది. తొందరపడలేదు. వ్యాపారులను చూసింది, రైతులను చూసింది, ఆఫీసు గుమ్మంలో నిలబడ్డ వినుతను చూసింది, చివరికి నన్ను కూడా చూసింది. సిగ్గెందుకు, ఏడ్చాను.

అప్పుడు నొక్కింది.

"మూడోసారి" అంది రామలక్ష్మమ్మ, ఊరంతా వినబడేటట్టు, వెనకటి గొంతుతో.

గేటు పక్కన యశోదమ్మ దగ్గర ఉప్పిట్టు తింటున్న మునియప్ప, చేతిలో ముద్ద అలాగే ఉంచుకొని లేచి నిలబడ్డాడు.